కళ్ళు మూసుకుని లంగరు కాసిన మనిషి

ఆయన నిద్రపోలేదు. లంగరు కాపలాలో నిద్రపోయాడని ఓడ లాగ్‌బుక్కులో రాశారు. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని బలపరుస్తూ ఇంగ్లీషులో టైపు కొట్టిన కాగితం కింద ఒక సాక్షి సంతకం ఉంది. అది నాది.

ఇది ముప్పై ఏళ్ళ కిందటి సంగతి. ఇప్పుడెందుకు తవ్వుతున్నావు అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళకు జవాబు ఇది. రెండు నెలల కిందట తిరుపతిలో ఆయన చనిపోయాడు. గాంధీరోడ్డు వెనక సందులోంచి జనాజా బయలుదేరితే నేనూ వెనకే నడిచాను. నా ముందు ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటూ పోతున్నారు. ఆ వీధివాళ్ళే అయి ఉంటారు.

"ఓడల్లో పంజేసినాడంట గదప్పా ఈయన?"

"చేసినాడు. కాపలా పెడితే నిద్రపొయ్యినాడంట. ఆడికాడ్నే దించేసినారు."

"సముద్రం గాలికి ఎవురికైనా కునుకు పడతాదిలే."

జాలిగానే అన్నాడు పాపం. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ ఓడను ఎప్పుడో ముక్కలు కోసి ఇనుము కింద అమ్మేశారు. ఆ లాగ్‌బుక్కును ఏ చెదలు తిన్నాయో తెలియదు. ఆ ఒక్క మాట మాత్రం సముద్రం మీంచి దిగి, రైలెక్కి, తిరుపతి సందులోకి వచ్చి ఆయన వెనకే శ్మశానం దాకా నడుస్తోంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు రాయవలసిన చోటు వేరే ఉంది. ఓడలో అందరూ భాయ్ అనేవాళ్ళు. నేనూ అదే అంటాను.

భాయ్ వాళ్ళ నాయన తిరుపతిలో గిన్నెలకు కళాయి పూసేవాడు. పెళ్ళిళ్ళ గుండిగలు, హోటళ్ళ ఇత్తడి పాత్రలు ఆయన దగ్గరికి వచ్చేవి. కళాయి పూసే ముందు గిన్నెకు పగులుందో లేదో తెలుసుకోవాలి. అది కంటికి కనిపించేది కాదు. గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వేలి కణుపుతో కొట్టి వింటారు. కళ్ళు తెరిచి ఉంటే ఇత్తడి మెరుపు మనసును లాగేస్తుందని వాళ్ళ ఇంటి పద్ధతి. భాయ్‌కి అది చిన్నప్పుడే ఒంటికి పట్టింది. టీ అంగట్లో గ్లాసు అందుకుంటే తాగే ముందు కళ్ళు మూసుకుని గోటితో ఒక్కసారి కొట్టేవాడు. అంగడాయన గొణిగేవాడు.

"నా గ్లాసు మీద నీకేమి అనుమానం భాయ్?"

"గ్లాసు మీద కాదులేప్పా. కడిగినోని మీద."

అంత అనుమానం మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మనుషుల్ని తొందరగానే నమ్మేవాడు. వస్తువులు పెట్టిన చోట ఉంటాయంటే మాత్రం నమ్మేవాడు కాదు. తాళం వేసి నాలుగడుగులు పోయి వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. గోడకు ఆనించిన నిచ్చెన కింద నుంచి నడిచేవాడు కాదు. ఆటో ఎక్కితే ముందు డ్రైవరు చేత బ్రేకు తొక్కించేవాడు. "దేవుడి ఊర్లో ఉండి ఇన్ని అనుమానాలా?" అని ఒక ఆటో అతను ఎగతాళి చేస్తే, "దేవుడు కొండ మీద ఉండాడు. నీ బ్రేకు ఈడ ఉండాది" అన్నాడు.

ఓడలో ఆయనది తిరుపతి అంటే నమ్మేవాళ్ళు కాదు. తిరుపతిలో ఆయన ఓడ మనిషంటే నమ్మేవాళ్ళు కాదు. సెలవు అయిపోయి తిరిగొస్తే కెప్టెన్ నుంచి వంటమనిషి దాకా అందరూ ముందు అడిగేది లడ్డు. తెలిసినవాళ్ళ చేత తెప్పించి, గుడ్డలో మూట కట్టి తెచ్చేవాడు. పంచడం మాత్రం నా చేతికి అప్పజెప్పేవాడు. "నువ్వియ్యి. నేనిస్తే సగం మంది తినే ముందు నా మొగం సూస్తారు" అని నవ్వేవాడు.

నన్ను ఓడ ఎక్కించింది ఆయనే. అప్పుడు నేను రేణిగుంట జంక్షన్‌లో పార్సిళ్ళు మోసేవాణ్ణి. చదివింది ఐదో తరగతి, అదీ తెలుగులో. మద్రాసు పోయే రైలు కోసం ఆయన ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంటే పెట్టె మోస్తానని పోయాను. మోయనివ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని మాటల్లో పెట్టాడు. అంతలో రైలు వచ్చింది, ఎక్కించడానికి నేనూ లోపలికి పోయాను. కిటికీ అవతల ఇంకో రైలు ఆగి ఉంది. ఉన్నట్టుండి మా రైలు కదిలినట్టనిపించి నేను దిగడానికి ఉరికాను.

"యాడికి ఉరకతా ఉండావు?" అన్నాడు.

"బండి కదిలింది గదా."

"ఎవురు చెప్పినారు? ఆ పక్క సూడు."

ఇటు పక్క కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం స్తంభం ఎక్కడిది అక్కడే ఉంది. కదిలింది అవతలి రైలు.

"కదిలేదాన్ని సూసి నువ్వు కదిలినావో లేదో చెప్పలేవు. పాతిపెట్టిందాన్ని సూడాల" అన్నాడు. నాలుగు నెలల తర్వాత వచ్చి నన్ను మద్రాసు తీసుకుపోయి, కాగితాలన్నీ చేయించి, తాను పనిచేసే ఓడలోనే ఖలాసీగా పెట్టించాడు. లంగరు కాపలా అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ రేణిగుంట స్తంభం దగ్గరే అని తర్వాత అర్థమైంది.

ఒడ్డున ఉన్నవాళ్ళు అనుకుంటారు, లంగరు వేస్తే ఓడ కట్టేసిన ఎద్దులా పడి ఉంటుందని. కొత్తలో నేనూ అదే అనుకున్నాను. రేవులో చోటు దొరికే దాకా ఓడలు బయట సముద్రంలో లంగరు వేసుకుని వరసగా నిలబడతాయి. ఒక్కోసారి వారం, పది రోజులు. ఆ రోజుల్లో ఇక పనేముంటుంది, పడుకోవచ్చు అనుకున్నాను. మొదటి కాపలాలోనే భాయ్ నా నెత్తిన నీళ్ళు పోశాడు, నిజంగానే ఒక చెంబెడు.

"ఓడ నిలబడుకోనుండాదని నీకెవురు చెప్పినారు? ఓడ చెప్పిందా?"

ఆయన కాపలా చూసి తీరవలసిన పని. ముందు ఒడ్డు మీద పాతిపెట్టినట్టుండే రెండు గుర్తులు, ఒకదాని వెనక ఒకటి ఉండేవి, ఏరుకునేవాడు. కొండ మీది దీపస్తంభం, దాని వెనక ఒక పొగగొట్టం. గాలి మారితే ఓడ లంగరు చుట్టూ తిరుగుతుంది, అప్పుడు గుర్తులు ఎలాగూ విడిపోతాయి. అది తప్పు కాదు. "తిరగడం వేరే, జారడం వేరే. ఆ తేడా తెలీనోడు కాపలాకు పనికిరాడు" అనేవాడు. గాలి ఎటు, నీటి పోటు ఎటు, గొలుసు ఎటు సాగింది, ఈ మూడూ చూసుకుని గాని ఒడ్డు వైపు చూసేవాడు కాదు. పక్కన లంగరు వేసిన ఓడల్ని ఒక్కొక్కదాన్నీ దొంగల్ని చూసినట్టు చూసేవాడు. మనం జారకపోయినా అవి జారి మన మీదికి రావచ్చు. ఒక సన్నతాడుకు రెండు కిలోల తూకపు రాయి కట్టి ఓడ పక్కనుంచి అడుక్కి వదిలేవాడు. తాడు వదులుగా కిందికి వేలాడితే ఓడ ఉన్న చోటే ఉంది. తాడు ముందుకు సాగి బిగుసుకుంటే ఓడ వెనక్కి పోతోంది. ఆ రాయి వాళ్ళ నాయన అంగట్లోది. ఆఫీసర్లు చూసి చేపలు పడుతున్నావా అని వెక్కిరించేవాళ్ళు. పట్టించుకునేవాడు కాదు.

అన్నిటికంటే ఆఖరి పరీక్ష గొలుసు. ఓడ ముందు కొసన, లంగరు గొలుసు కిందికి దిగే చోట, చెప్పు విడిచి గొలుసు కణుపు మీద అరికాలు ఆనించి కూర్చునేవాడు. కళ్ళు మూసుకునేవాడు.

"ఊరికే లాగే గొలుసు నిదానంగా బిగుస్తాది, నిదానంగా వదులైతాది. జారే లంగరు అట్ల కాదు. అడుగున గెంతుతా పోతాది. ఆ గెంతు గొలుసులోకి వస్తాది. గుండెదడ మాదిరి ఉంటాది. పెట్టి సూడు కాలు."

నేను పెట్టాను. నాకు ఇనుము వేడి తప్ప ఏమీ తెలియలేదు.

"కండ్లు మూసుకో. తెరుసుకోనుంటే తెలీదు" అన్నాడు.

ఇప్పుడు ఆ రోజు సంగతి. రాత్రి కాదు, పట్టపగలు. ఎండాకాలం, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మా కాపలా. విశాఖ బయట బొగ్గుతో నాలుగు రోజులుగా నిలబడి ఉన్నాం. భాయ్ ముందు కొసన. నేను బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే ఆ ఎత్తు గదిలో, సెకండాఫీసరు పక్కన. ఆ సెకండాఫీసరు కుర్రవాడు, దూరదేశం వాడు కాదు గాని మన వైపు వాడు కాదు. హిందీలో మాట్లాడేవాడు. కొత్తగా వచ్చిన జీపీఎస్ పెట్టె మీద అతనికి దేవుడి మీద ఉన్నంత నమ్మకం. ఓడ ఒక గుండ్రం దాటి పోతే అది కూత పెడుతుంది. ఊరికే కూస్తుంటే విసుగని ఆ గుండ్రాన్ని పెద్దది చేసి పెట్టుకున్నాడు. అది నేను కళ్ళారా చూశాను.

రెండు గంటలప్పుడు ఆకాశం మూసుకొచ్చింది. గాలి, దాని వెనకే వాన. ఒడ్డు పూర్తిగా కనబడకుండా పోయింది. దీపస్తంభం లేదు, పొగగొట్టం లేదు. కనబడేది కుడిపక్క నిలబడ్డ ఒక ఓడ మాత్రమే. వాకీటాకీలో భాయ్ గొంతు వచ్చింది, హిందీలో.

"సార్, గొలుసు దడదడలాడుతోంది. లంగరు జారుతోంది."

సెకండాఫీసరు పెట్టె వైపు చూశాడు. అది కూయలేదు. కుడిపక్క ఓడను చూశాడు. అది ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలోనే ఉంది. జారడం లేదు, చూస్తూ ఉండు అన్నాడు. తర్వాత దుర్భిణీ తీసి ముందు కొస వైపు చూశాడు. వానలో తడుస్తూ, గొలుసు మీద కాలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని భాయ్ కూర్చుని ఉన్నాడు.

"నీ ఊరాయన కలలో జారుతున్నాడు" అన్నాడు నాతో, నవ్వుతూ.

మళ్ళీ వాకీటాకీ మోగింది. ఈసారి తెలుగులో, నా కోసం.

"రేయ్, ఆ సారుకు చెప్పురా, పక్క ఓడను సూడొద్దని. అది కూడా మనతోనే వస్తా ఉండాది. రెండూ జారతా ఉండాయి. ఇంజను తిప్పమను."

నేను చెప్పాను. నాకొచ్చిన హిందీలో, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ మాట దగ్గర నన్ను ఎవరూ తప్పు పట్టలేరు. ఆయన కళ్ళు మూసుకునేది ఎందుకో కూడా చెప్పబోయాను. "నువ్వు నీ పని చూసుకో" అన్నాడతను.

మూడోసారి భాయ్ మాట్లాడలేదు. ముందు కొసన ఉండే గంటను ఆపకుండా కొట్టడం మొదలుపెట్టాడు. కెప్టెన్ భోజనం బల్ల దగ్గర్నుంచి ఉరికి వచ్చాడు. ఇంజను తిరిగే లోపల మా ఓడ వెనకభాగం మా వెనక లంగరు వేసి ఉన్న ఇంకో ఓడను రాసుకుంది. రెయిలింగు వంగింది, రేకు నొక్కుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ గంట లేకపోతే ఏమయ్యేదో ఓడ మనుషులకు చెప్పక్కర్లేదు.

మరునాడు నన్ను కెప్టెన్ గదికి పిలిచారు. సెకండాఫీసరు అక్కడే ఉన్నాడు. కుర్చీ వేసి కూర్చోమన్నారు. ఖలాసీని కెప్టెన్ గదిలో కూర్చోమనడం నేనెప్పుడూ వినలేదు. టీ ఇచ్చారు, బిస్కెట్లు కూడా. బల్ల మీద టైపు కొట్టిన ఇంగ్లీషు కాగితం.

"నిన్న జరిగింది ఇందులో ఉంది. నువ్వు బ్రిడ్జి మీద ఉన్నావు కదా, సంతకం పెట్టు" అన్నాడు కెప్టెన్.

"భాయ్ రెండుసార్లు చెప్పింది ఉందా సార్?" అని అడిగాను.

సెకండాఫీసరు నా కళ్ళలోకి చూసి, "అన్నీ ఉన్నాయి" అన్నాడు.

అడిగాను కదా అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది చాలదు. ఖలాసీకి బిస్కెట్లు పెట్టినప్పుడే నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా. ఆ అనుమానాన్ని టీతో పాటు మింగేశాను. మళ్ళీ రేణిగుంటలో పార్సిళ్ళు మోయవలసి వస్తుందన్న భయం నాది. గ్లాసును కూడా గోటితో కొట్టి చూసే మనిషి దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి, కాగితాన్ని ఒక్కసారి తట్టి చూడలేదు. ఓడలో ఇంగ్లీషు వచ్చిన రేడియో ఆయన ఉన్నాడు, చదివి చెప్పించుకుని సంతకం పెడతానని అనలేదు. ఇంగ్లీషులో నాకు వచ్చిందల్లా నా పేరు. అది రాశాను. నకలు ఒకటి మడిచి నా చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రమే భాయ్‌ని దించేశారు. ఆయన పనికాగితాల్లో ఏం రాశారో గాని ఆ తర్వాత ఏ ఓడా ఆయన్ను ఎక్కించుకోలేదు. లాంచి కింద ఎదురు చూస్తోంది. ట్రంకుపెట్టె దించుతున్నాం. నా మొహం చూసి ఏదో అంటాడనుకున్నాను. ఆయన తలెత్తి ముందు కొస వైపు చూశాడు. లంగరు వేసిన ఓడ పగలు ఒక నల్ల బంతిని పైకెత్తి ఉంచాలి, చీకటి పడే వేళకు దాన్ని దించి దీపం ఎక్కించాలి. అది మా కాపలా పనే.

"పొద్దు గూకతా ఉండాది. బంతి దించినారా? దీపం ఎవురు ఎక్కిస్తారు?" అన్నాడు.

"నేను ఎక్కిస్తా భాయ్."

"ఎక్కించి, కిందికొచ్చి ఒకసారి సూడు, వెలుగుతా ఉండాదో లేదో. స్విచ్చి ఏసినంత మాత్రాన వెలిగిందనుకోవద్దు."

అంతే. నిచ్చెన దిగిపోయాడు. నిద్రపోయాడని దించేసిన మనిషి ఆఖరి మాట అది.

తర్వాత ఆయన రేణిగుంటలో ఒక సరుకుల గోడౌను దగ్గర పగటి వాచ్‌మన్‌గా చేరాడు. నేను సెలవులో వచ్చినప్పుడల్లా పోయి కలిసేవాణ్ణి. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, ఆగి ఉన్న లారీల్ని ఒక కన్ను మూసి చూస్తుండేవాడు. లారీ అద్దం అంచునూ, దూరాన రైల్వే నీళ్ళ ట్యాంకునూ ఒక గీతలో పెట్టుకునేవాడు. ఒకరోజు నా కళ్ళ ముందే లేచి ఒక లారీ దగ్గరికి పోయాడు. డ్రైవరు లోపల అన్నం తింటున్నాడు.

"అన్నా, నీ బండి పోతా ఉండాది."

డ్రైవరు తమిళాయన, చిత్తూరు దారిలో వచ్చినవాడు. కిందికి వంగి చక్రాలు చూసి, "యాడికి పోతాది భాయ్? టిఫినుకా?" అన్నాడు.

"బెత్తెడు పొయ్యింది. నువ్వు వచ్చినప్పుడు అద్దం ట్యాంకుకు ఈపక్క ఉన్నింది. ఇప్పుడు ఆపక్క ఉండాది."

"ఓడ అనుకుంటివా దీన్ని?"

"ఓడైతే ఇంత అనుమానం లేదు. దానికి లంగరన్నా ఉంటాది" అని, తానే రాయి తెచ్చి చక్రం కింద పెట్టాడు. డ్రైవరు నవ్వుతూ వచ్చి చూసి, హ్యాండ్‌బ్రేకు సగమే పడి ఉండడం గమనించి, నవ్వడం మానేశాడు.

నా సంగతికి వస్తాను. ఓడలో ఖాళీ వేళల్లో ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఎవరూ చెప్పలేదు. చించేసిన పేపర్లు, మందుసీసాల మీది రాతలు, ఇంజను పుస్తకాలు, ఒక పాత డిక్షనరీ. ఏడెనిమిదేళ్ళు పట్టింది. ఒక సెలవులో ఇంటికొచ్చి, ఎంత వచ్చిందో చూసుకుందామని పెట్టె అడుగున మడిచి ఉన్న ఆ నకలు తీశాను. డిక్షనరీ అవసరం లేకుండా నేను మొదటి నుంచి చివరి దాకా చదివిన మొదటి ఇంగ్లీషు కాగితం అదే. "కాపలావాడు నిద్రలో ఉండగా బ్రిడ్జి మీద నుంచి నేను స్వయంగా చూశాను. అతని నుంచి ఎటువంటి కబురూ అందలేదు. ఢీకొనడానికి కొద్ది క్షణాల ముందు గాలికి మెలకువ వచ్చి గంట కొట్టాడు." కింద నా పేరు, వంకర అక్షరాల్లో.

అప్పట్నుంచి నేను చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టను. బ్యాంకులో నా వెనక వరస కట్టినవాళ్ళు తిడతారు. ఆసుపత్రిలో నా భార్యకు ఆపరేషనయితే ఆ అంగీకార పత్రం అంతా చదివే దాకా నర్సును నిలబెట్టాను. "నమ్మకం లేదా తాతా?" అంది. లేదన్నాను. ఈ దేశంలో ఎంతమంది చేత ఇలా టీ ఇచ్చి సంతకాలు పెట్టించుకున్నారో, ఎవరి బతుకులు వాటి కింద పడి నలిగాయో, నాకు అనుమానమే.

కంపెనీకి రాశాను. పదకొండు ఉత్తరాలు, అన్నీ ఇంగ్లీషులో, అన్నీ రిజిస్టరు పోస్టులో. ఆఫీసరు అబద్ధం రాశాడు, లాగ్‌బుక్కు దిద్దండి, ఆయన పేరు మీది మచ్చ తీసేయండి అని. ఒక్కదానికీ జవాబు లేదు. కోపంతో చాలా ఘాటుగా రాశాను. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పదకొండింటిలో ఒక్కదానిలోనూ సాక్షి సంతకం నాదని రాయలేదు. అంతా ఆ కుర్ర ఆఫీసరు మీదికే తోశాను.

భాయ్‌తో కూడా చెప్పలేదు. ఏడాదికి రెండుసార్లు పోయేవాణ్ణి. పదవీ విరమణ చేసి రేణిగుంటలో స్థిరపడ్డాక నెలకోసారి పోయేవాణ్ణి. ఆయన భార్య, నేను భాభీ అని పిలిచే ఆమె, టీ ఇచ్చేది. ఆయన గ్లాసును తట్టి చూసి తాగేవాడు. "ఏం సదివినావప్పా ఈసారి?" అని అడిగేవాడు. పేపరు, బీమా కాగితం, పెన్షను ఆర్డరు, ఏవో చెప్పేవాణ్ణి. "ఇంకేం సదివినావు?" అనేవాడు. ఆ రెండో ప్రశ్న ఊరికే అడిగింది కాదని నాకు అనుమానంగానే ఉండేది. అనుమానం ఉన్నా, ఇంకేం లేదు భాయ్ అనే వచ్చాను ప్రతిసారీ.

ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక, జనమంతా వెళ్ళిపోయాక, భాభీ ముందు ఆ నకలు పెట్టాను. నడవలో చాప మీద కూర్చుని ఉంది. మొత్తం చెప్పాను, బిస్కెట్లతో సహా.

"నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాసి ఇస్తాను భాభీ. ఆయన నిద్రపోలేదని, రెండుసార్లు కబురు చెప్పాడని, నేను అబద్ధం మీద సంతకం పెట్టానని. కంపెనీకీ, ఓడల సర్కారు ఆఫీసుకూ పంపుతాను. ఈ వీధిలో కూడా నలుగురికీ చదివి వినిపిస్తాను. దానిలో ఆయన పేరు రాయాలి. మీరు ఒప్పుకుంటేనే రాస్తాను."

ఆమె కాగితం ముట్టుకోలేదు. నా వైపు కూడా చూడలేదు. టీ తాగమని అనలేదు, ముప్పై ఏళ్ళలో మొదటిసారి. "ఆలోచన చేసి చెప్తా" అని లోపలికి పోయింది.

పన్నెండు రోజులు ఎదురు చూశాను. ఆమె ఒప్పుకోదని, నా మొహం మళ్ళీ చూడనంటుందని, మనవరాళ్ళ చేత కంపెనీకి నా మీదే రాయిస్తుందని, ఏవేవో అనుకున్నాను. నిన్న మనవరాలి సెల్లు నుంచి నా సెల్లుకు ఆమె గొంతు రికార్డు అయి వచ్చింది. నాలుగుసార్లు విని, ఒక్క మాట వదలకుండా ఇక్కడ రాస్తున్నాను.

"ఏమప్పా, బాగుండావా. నువ్వడిగిందానికి చెప్తా ఉండా. ఆయనకు తెలుసు. ఆ కాయితం నకలు ఆయనకీ ఇచ్చినారు, నీ సంతకం ఆ పొద్దే సూసినాడు. ఇంటికొచ్చి నాతో ఏమన్నాడో తెలుసునా? వానికి ఇంగ్లీసు రాదు, వాడొస్తే నువ్వేమీ అనొద్దు అన్నాడు. నేనేమీ అనలేదు. నీకు ఇంగ్లీసు వచ్చినంక గూడా వచ్చి టీ తాగి పోతా ఉంటివి సూడు, అప్పుడు మాత్రం నాకు కడుపులో మండింది. అడుగు, అడగకుంటే నేనడగతా అంటి. వాడే చెప్తాడులే అనె. యాడ చెప్పినావు? ఆయన పొయ్యినంక నాకు చెప్తే నేనేం చేసుకోవాలప్పా దాన్ని? రాయి. పేరు రాయి, వాళ్ళ నాయన పేరూ రాయి, మా వీధి పేరూ రాయి. నిద్రపోలేదని రాయి. కడాకు సంతకం పెడతావు గదా, ఈసారన్నా సదువుకోని పెట్టు."